పల్మనరీ హైపర్‌టెన్షన్ పేషెంట్ల సహాయ నిధి: ఈ ఏడాది జమా ఖర్చులు, అడిగినవాళ్లకు జవాబులు

లెక్కలు ఎప్పుడు పెడతారని అడిగినవాళ్లకూ, మమ్మల్ని అడక్కుండా పక్కవాళ్లతో మాట్లాడుకుంటున్నవాళ్లకూ కలిపి ఇదే జవాబు. కొత్తవాళ్లకి ఒక మాట, పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే నాళంలో ప్రెషర్ పెరిగే జబ్బు. బిల్లులు, రసీదు పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంటు అన్నీ ఫైల్లో ఉన్నాయి, సభ్యులు ఎవరైనా చూసుకోవచ్చు. ఇక్కడ తేలిగ్గా అర్థమవ్వాలని మొత్తం వసూలును 100 పాళ్లు అనుకుని రాస్తున్నాం.

జమ: చిన్న చందాలు 58, సభ్యత్వ రుసుములు 17, ఇంట్లో మనిషిని ఇదే జబ్బుకి పోగొట్టుకున్న ఒక కుటుంబం ఇచ్చింది 25. వాళ్లు పేరు రాయొద్దన్నారు, చేతులెత్తి దండం పెట్టడం తప్ప ఇంకేం చేయగలం. రసీదు అందనివాళ్లు చెబితే మళ్లీ పంపిస్తాం.

ఖర్చు: మే 5 సభకి 9. హాలు, మైకు, కుర్చీలు, అంతే, మాట్లాడిన డాక్టర్లు ఏమీ తీసుకోలేదు. సెలవు రోజు చూసి పెట్టుకోవచ్చుగా అన్నారు కొందరు. అది ప్రపంచ పల్మనరీ హైపర్‌టెన్షన్ దినమండీ, 1981లో స్పెయిన్‌లో కల్తీ నూనె వల్ల ఈ జబ్బొచ్చి చనిపోయిన చిన్నారి గుర్తుగా పెట్టిన తేదీ, మన వీలు కోసం జరిపేది కాదు. కరపత్రాలు, జేబులో పెట్టుకునే ఎమర్జెన్సీ కార్డులు 4. పల్స్ ఆక్సీమీటర్లు 6. ఆక్సిజన్ గొట్టాలు, ఫిల్టర్లు, రిపేర్లు 3. బ్యాంకు చార్జీలు 1.

మందులకి 24. బోసెంటాన్ (ఈ జబ్బుకిచ్చే ఒక మాత్ర) వాడేవాళ్లకి నెలనెలా చేయించాల్సిన లివర్ పరీక్షలు కూడా ఇందులోనే ఉన్నాయి. బిల్లులో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందే) అనే పేరు చూసి గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లకి ఒక మాట. ఆ మాత్ర 1998లో దేనికి వచ్చిందో అందరికీ తెలుసు, 2005 నుంచి ఈ జబ్బుకి కూడా అనుమతి ఉందని మాత్రం తెలియదు. ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు వదులవుతాయని మామూలుగా 20 మిల్లీగ్రాములు, రోజుకి మూడుసార్లు ఇస్తారు. మనలో ఒక అమ్మాయి మందుల షాపులో ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, పేరు పైకి చదవొద్దని చెప్పి మరీ ఇస్తోంది. మీ నవ్వు బొమ్మలు ఆ అమ్మాయి కూడా చూసింది.

ఇక అసలు గొడవ. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లకి (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కరెంటు మెషిన్లు) 15, గుండె కుడివైపు క్యాథ్ పరీక్షలకి (సిరలోంచి గొట్టం పంపి ప్రెషర్ కొలిచేవి) 31. మెషిన్ల కోసం ఇచ్చిన డబ్బు పరీక్షలకి మళ్లించారని ఆరోపణ. పోస్టరు మీద మెషిన్ బొమ్మ వేసిన మాట నిజమే. దాని కింద పరీక్షలు, మందులు, ఆక్సిజన్ అని పెద్ద అక్షరాలతో రాసిన మాట కూడా నిజమే. బొమ్మ చూసి కింద రాసింది చదవకపోతే దానికి కమిటీ ఏం చేస్తుంది?

ఎకో (గుండె స్కాన్) చేయించుకున్నారు కదా, మళ్లీ ఈ పరీక్ష దేనికి అని అడుగుతున్నారు. ఎకోలో తెలిసేది అంచనా. చేతికి పట్టీ చుట్టి చూసే బీపీతో దీనికి సంబంధం లేదు, అది మామూలుగా ఉన్నా గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లే నాళంలో ప్రెషర్ పెరిగి ఉండొచ్చు. దాన్ని నేరుగా కొలవాలంటే మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి సన్నని గొట్టం పంపాలి, దాని కొసన చిన్న బెలూన్ ఉంటుంది, రక్తం ఎటు పోతే అటు తేలుతూ పోతుంది. సాధారణంగా మనిషి మెలకువగానే ఉంటాడు. సగటు ప్రెషర్ 20 దాటితే జబ్బు ఉన్నట్టు (వెనక 25 అనేవాళ్లు, అందుకే పాత రిపోర్టులు పట్టుకొచ్చి వాదించొద్దు). బెలూన్‌తో చిన్న నాళాన్ని మూసి చూసే అంకె 15 దాటితే తేడా గుండె ఎడమవైపు ఉన్నట్టు. ఈ జబ్బులో ఐదు రకాలున్నాయి, జబ్బు ఏ రకమో తేలాకే మందు. ఎడమ గుండె వల్ల వచ్చినవాళ్లకి ఆ ఖరీదైన మాత్రలు మేలు చేయకపోగా ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. రక్తపు గడ్డలు పేరుకుపోయి వచ్చిన రకమైతే కొందరికి ఆపరేషన్ చేసి గడ్డలే తీసేస్తారు.

ఇదంతా పుస్తకం మాట అనుకునేవాళ్లకి మన దగ్గర జరిగింది చెబుతాం. నిధి నుంచి నెలనెలా మాత్రలు తీసుకుంటున్న ఒకాయనకి ఎడమవైపు తేడా అని ఈ పరీక్షలోనే తేలింది, డాక్టరు ఆ మాత్రలు ఆపేసి వేరే వైద్యం మొదలుపెట్టారు. ఇంకొకావిడకి ఊపిరితిత్తుల స్కాన్ కూడా కలిపి చూస్తే పాత గడ్డలు బయటపడ్డాయి, ఇప్పుడు ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్నారు. ఆ పరీక్ష డబ్బు దండగ అని ఆవిడ ముందు అనగలరా?

కార్యదర్శి గారి వదిన గారికి కూడా పరీక్ష చేయించారనే మాట తిరుగుతోంది. చేయించాం, ఆవిడా పేషెంటే. ఎవరికి ముందు, ఎవరికి తర్వాత అనే జాబితా డాక్టర్లు రాసిచ్చారు, కమిటీ వేలు పెట్టలేదు. సగం ఖర్చు ఆ ఇంటివాళ్లే పెట్టుకున్నారు, బిల్లు కూడా ఫైల్లో ఉంది.

మెషిన్లు ఆలస్యమవడానికి కారణాలు రెండు. ఆయాసం ఉన్న ప్రతివాళ్లకీ ఆక్సిజన్ పెట్టరు. కూర్చున్నప్పుడు, ఆరు నిమిషాలు నడిపించినప్పుడు, కొందరికి నిద్రలో కూడా ఆక్సిజన్ ఎంతకి పడిపోతోందో చూసి డాక్టరు రాయాలి, అప్పటిదాకా కొనలేం. కొన్నాక కూడా కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది కాబట్టి పక్కన సిలిండర్ ఉండాల్సిందే, అందుకే 15లో కొంత సిలిండర్లకి పోయింది.

రెండో కారణం చెప్పక తప్పదు. సభలో మైకు పట్టుకుని ఇస్తామన్నవాళ్ల నుంచి ఇంకా 22 పాళ్లు రావాలి. చప్పట్లు మేం కూడా కొట్టాం. ఫోన్ చేస్తే వచ్చే వారం అంటారు, ఆ తర్వాత ఎత్తరు, పైగా అందులో ఒకరిద్దరు మెషిన్లు ఏవని గ్రూపులో మమ్మల్నే అడుగుతున్నారు. పేర్లు పెట్టమని సభ్యులు పట్టుబట్టినా ఇప్పటికి పెట్టడం లేదు. కష్టం వచ్చి ఇవ్వలేకపోతే ఆ మాట చెప్పండి చాలు, జాబితాలోంచి తీసేస్తాం. ఇచ్చే ఉద్దేశం ఉంటే ఈ నెలలో ఇవ్వండి, డాక్టరు రాసిన చీటీతో ఇద్దరు ఎదురుచూస్తున్నారు.

నిల్వ 7. అది వచ్చే నెల మాత్రలకి. ఈ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం, కాబట్టి మెషిన్ కోసం అందులోంచి తీయమని అడగొద్దు.

ఫైలు చూడాలనుకున్నవాళ్లు ఒక రోజు ముందు ఫోన్ చేసి రండి. కోశాధికారి గారు కూడా పేషెంటే, ఎవరు బెల్లు కొట్టినా మెట్లు దిగి వచ్చి తలుపు తీసే పరిస్థితి లేదు.