అనుకోని రీడింగును కొట్టేయించకండి

సంపాదకులకు నమస్కారం.

పెన్సిలిన్ అదృష్టవశాత్తూ దొరికిందని పాఠాల్లో, పత్రికల్లో ఒక్క వాక్యంలో తేల్చేస్తుంటారు. పిల్లలకు ఆ అదృష్టమే గుర్తుండిపోతుంది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ సెలవుల నుంచి తిరిగొచ్చేసరికి బల్లమీద వదిలేసిన ఒక పెట్రీ పళ్లెంలో బూజు పట్టి ఉంది. దాని చుట్టూ స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా కరిగిపోయింది. ఆ పళ్లేన్ని 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టి ఉంటే బ్యాక్టీరియా ముందే ఎదిగిపోయేది. ఎదుగుతున్న బ్యాక్టీరియాను చంపే పెన్సిలిన్, ఎదిగిపోయిన గుంపులను అలా కరిగించలేదు. చల్లటి రోజుల్లో, 20 డిగ్రీల దగ్గర, బూజు ముందు పెరగబట్టే ఆ ఖాళీ వలయం ఏర్పడిందని తర్వాత రోనాల్డ్ హేర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలతో వివరించారు. అదృష్టం అంతవరకే. బూజును వేరుచేసి పెంచడం, రకరకాల బ్యాక్టీరియాపై పరీక్షించడం, 1929లో ప్రచురించడం శ్రమ. బ్యాక్టీరియా సోకిన ఎలుకల్ని పెన్సిలిన్ కాపాడుతుందని శాస్త్రవేత్తలు ఫ్లోరీ, చెయిన్ బృందం చూపింది 1940లోనే.

పెనాలకు ఆహారం అంటుకోకుండా పూసే టెఫ్లాన్ కథలోనైతే కీలకం తూకం. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త గ్యాసు సిలిండర్ వాల్వు తిప్పితే గ్యాసు రాలేదు. ఖాళీ అయిందనుకుని పక్కన పడేయకుండా తూచి చూశారు. బరువు తగ్గలేదు. సిలిండర్‌ను కోసి చూస్తే లోపల తెల్లటి పొడి. అదే టెఫ్లాన్.

మరి ప్రాక్టికల్స్‌లో మనం నేర్పుతున్నదేమిటి? గ్రాఫులో గీతకు దూరంగా పడ్డ చుక్కను చెరిపేయడం. రావలసిన జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగును దానికి సరిపెట్టడం. ఇది చాలా నష్టం.

వింత ఫలితం వస్తే పాత్ర కడగకముందే ఫొటో తీయించండి. సమయం, గది ఉష్ణోగ్రత, రసాయనం ఏ సీసాలోదో పెన్నుతో అక్కడికక్కడే రాయించండి. సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే మనసు సర్దేస్తుంది. తర్వాత ఏమీ మార్చకుండా మళ్లీ చేయించండి. మళ్లీ వస్తే ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే కారణం ఏదో తెలియదు. చాలాసార్లు కల్తీయో, పరికరం లోపమో అని తేలుతుంది. తేలనివ్వండి, అదీ చదువే.

కళాకారులకూ ఇది వర్తిస్తుంది. కుండలపై పూసే రాగి కలిపిన గ్లేజు (గాజులాంటి మెరుపు పూత) బట్టీలో గాలి బాగా ఆడితే ఆకుపచ్చగా, గాలి తగ్గితే ఎరుపుగా వస్తుంది. ఆ కుండ ఏ అరలో ఉందో, గాలి ఎప్పుడు తగ్గించారో రాసుకోకపోతే ఆ ఎరుపును మళ్లీ రప్పించడం కష్టం.

ప్రాక్టికల్ రికార్డులో "అనుకోనిది" అని ఒక గడి పెట్టి, దానికి మార్కులివ్వాలని పాఠ్యప్రణాళిక రూపొందించేవారిని కోరుతున్నాం.

— కొందరు సైన్సు ఉపాధ్యాయులు