హాలోపాయింట్ .32 రౌండ్లు వెనక్కి తీసుకుంటున్నాం

లైసెన్సుదారులకు నమస్కారం. ఈ మధ్య వచ్చిన .32 ఏసీపీ (ఒక పిస్టల్ తూటా సైజు) హాలోపాయింట్ లాట్, అంటే ముక్కు కొనలో గుంట ఉండే రౌండ్ల సరుకు, అమ్మకం ఆపేశాం. గురి బాగుందని మేమే చెప్పి అమ్మాం కాబట్టి, ఆపడానికి కారణమూ మేమే చెప్పాలి.

గురి నిజంగానే బాగుంది. రేంజిలో 15 మీటర్ల దూరాన, చేతులు ఇసుక సంచి మీద ఆనించి, ఐదేసి రౌండ్ల గ్రూపులు (ఒకే గురికి కాల్చిన వరసలు) ఐదు కాల్చాం. మామూలు గుండ్రటి ముక్కు 71 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు) రౌండ్ల కన్నా ఇవే దగ్గరగా పడ్డాయి. కానీ ఆ 25 రౌండ్లనూ మ్యాగజైన్‌లో ఒక్కొక్కటే పెట్టి కాల్చాం. తప్పు అక్కడే జరిగింది.

మ్యాగజైన్ నిండా పెట్టి కాలిస్తే ఇరుక్కుంటున్నాయి. .32 ఏసీపీ కేసు (మందు ఉండే ఇత్తడి గొట్టం) అడుగు అంచు దాని ఒంటి కన్నా సుమారు అర మిల్లీమీటరు వెడల్పు. పై రౌండు అంచు ఎప్పుడూ కింది రౌండు అంచుకు ముందే ఉండాలి. గుండ్రటి ముక్కు రౌండు పొడవు దాదాపు 25 మి.మీ., మ్యాగజైన్‌కు సరిపోతుంది. హాలోపాయింట్ పొట్టిది. మిగిలిన ఆ కాస్త జాగాలో, పేలిన ప్రతిసారీ వచ్చే కుదుపుకి రౌండ్లు ముందుకీ వెనక్కీ జారతాయి. పై అంచు కింది అంచు వెనక పడిందా, ఇక స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ఎంత తోసినా రౌండు కదలదు. స్లైడ్ లాగి వదిలితే పోయే జామ్ కాదిది. మ్యాగజైన్ బయటికి తీసి రౌండ్లు విడదీయాల్సిందే. ఆత్మరక్షణకు కొనుక్కున్న పిస్టల్‌లో అంత తీరిక ఎవరికుంటుంది?

ఇకపై ఏ లాటైనా ముందు ఫీడింగ్ పరీక్ష (మ్యాగజైన్ నుంచి రౌండ్లు సాఫీగా ఎక్కుతున్నాయా అని), ఆ తర్వాతే గ్రూపు. మూడు మ్యాగజైన్లకు మార్కర్‌తో నంబర్లేసి, నిండా నింపి, ఒక్కోటి మూడుసార్లు ఖాళీ చేస్తాం. ఒకే నంబరు మళ్లీ మళ్లీ ఇరుక్కుంటే దాని పెదవులో (రౌండ్లను పట్టి ఉంచే పై అంచులు) స్ప్రింగో చూస్తాం. మూడూ ఇరుక్కుంటే రౌండ్లనే అనుమానిస్తాం. ఖాళీ కేసు బయటికి పోకుండా స్లైడ్ కిటికీలో నిలబడితే రౌండులోని మందు బలహీనమైనా కావచ్చు, మణికట్టు వదులైనా కావచ్చు. అందుకే ముందు కాల్చే మనిషిని మార్చి చూస్తాం. స్లైడ్ పూర్తిగా మూసుకోకుండా ఆగితే ముందు చాంబర్ (రౌండు పేలే గది) తుడవాలి. ఎన్నికల కోడ్‌కి డిపాజిట్ చేసి తెచ్చుకున్న పిస్టళ్లలో చాలాసార్లు అసలు దోషి ఎండి బంకైన నూనే.

ఇంకో మాట. రోజూ రాత్రి ఒకే రౌండు చాంబర్‌లోకి ఎక్కించి, పొద్దున దించేవాళ్లు ఉన్నారు. ముక్కు ర్యాంప్‌కి (చాంబర్‌లోకి ఎక్కించే వాలుకి) తగిలి తగిలి బుల్లెట్ కేసులోకి దిగబడుతుంది. లోపల జాగా తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది. అదే పెట్టెలోని కొత్త రౌండు పక్కన పెట్టి రెండింటి పొడవూ వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలవండి. తేడా కనిపిస్తే కాల్చకండి, మాకివ్వండి.

హాలోపాయింట్లు కొన్నవాళ్లు, పెట్టె విప్పినా సరే, లైసెన్సు పుస్తకంతో రండి. రిజిస్టర్‌లో రాసుకుని అన్నే గుండ్రటి ముక్కు రౌండ్లు ఇస్తాం. ఇంట్లో అసలు రౌండ్లతో స్లైడ్ ఆడించి పరీక్షించొద్దు. పిస్టల్ ఖాళీ చేసి, మ్యాగజైన్ విడిగా తెండి. ఇరుక్కున్నది ఏ మ్యాగజైనో గుర్తు పెట్టి తెస్తే మాకు సగం పని తప్పుతుంది.