నత్తి ఉన్నవాళ్ల కోసం నడిచే మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందు చెప్పుకోవాల్సింది అక్టోబర్ 22న, అంతర్జాతీయ నత్తి అవగాహన దినం నాడు హనుమకొండలో జరుపుకున్న సభ. స్పీచ్ థెరపీకి బాటలు వేసిన చార్లెస్ వాన్ రైపర్ గురించి ఆ రోజు మాట్లాడుకున్నాం. 1905లో అమెరికాలోని మిషిగన్‌లో పుట్టిన ఆయనకే గట్టి నత్తి. మాట్లాడాల్సి వస్తుందని కొన్నాళ్లు చెవిటి, మూగ వాడిలా నటిస్తూ పొలంలో కూలి చేశారు. ఎన్నో చికిత్సలు చేయించుకున్నా ఫలితం నిలవలేదు. ఒకసారి దారిలో నత్తి ఉన్న ఒక ముసలాయన కలిశాడు. పెనుగులాట లేకుండా, తేలిగ్గా తడబడుతూనే చెప్పాల్సిందంతా చెప్పేస్తున్నాడు. వాన్ రైపర్‌కు దారి దొరికింది అక్కడే. 1936లో కలమజూలో క్లినిక్ తెరిచారు, 1939లో పాఠ్యపుస్తకం రాశారు. నత్తిని దాచొద్దు, తేలిగ్గా నత్తి పడడం నేర్చుకోండి అన్నదే ఆయన పద్ధతికి ప్రాణం.

మన ఆదివారం సాధన కూడా దాని మీదే నడుస్తోంది. మాట ఇరుక్కుంటే, అయ్యాక క్షణం ఆగి, అదే మాట వదులుగా మళ్లీ చెప్పాలి. అది అలవాటయ్యాక, ఇరుక్కున్న మాట మధ్యలోంచే మెల్లగా బయటపడాలి. ఇంటర్ చదివే ఒక అమ్మాయిది పరకాల. బస్సులో మహాలక్ష్మి టికెట్ ఉచితమే, కానీ దిగే ఊరు చెప్పాలి కదా! ‘ప’ దగ్గర పెదవులు బిగుసుకుపోయేవి. ఆధార్ కార్డు చూపించి, ఊరి పేరు పక్కామెతో చెప్పించేది. ఇప్పుడు పెదవులు వదులు చేసి, కండక్టర్ మొహం చూస్తూ ‘ప... ప... పరకాల’ అంటోంది. నత్తి పోలేదు. ఊరి పేరు మాత్రం తనే చెబుతోంది. ఈ ఏడాది మనం సాధించిందేమిటని అడిగితే నేను చెప్పేది ఇదే.

తల్లిదండ్రుల సమావేశాల్లో ‘వస పోయలేదా’, ‘నాలిక కింద నరం కోయించరాదా’ అనే సలహాల గురించే ఎక్కువ చర్చ జరిగింది. ఆ మాటలకు తల్లులే ఎక్కువ నలిగిపోతున్నారు. నత్తి పెంపకం లోపం వల్ల రాదు. చాలామంది చిన్నపిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. ఆర్నెల్లు దాటినా తగ్గకపోతే, పెద్దయ్యాక పోతుందిలే అనుకోకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించండి.

ఆడిట్ అయిన లెక్కలు సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాం.

వచ్చే ఏడాది పని బడుల్లో. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనలేక ఇరుక్కునే పిల్లలకు చెయ్యెత్తే వీలివ్వాలని, వాళ్ల మాట మధ్యలో అందుకోవద్దని టీచర్లను కలిసి అడగబోతున్నాం. జనగామ, ములుగు, నర్సంపేట వైపు సభ్యులు తమ ఊరి బడి పేరు కార్యదర్శికి ఇవ్వగలరు.