బాబాయ్, మీ తువ్వాలు నా దగ్గరే ఉంది

మొన్న మార్గశిర గురువారం విశాఖపట్నం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వెళ్లాను. ఆటో కావాలనే దూరంగా ఆపించుకుని నడిచాను. గంటన్నర లైన్లో నిలబడి, నా చేత్తో అమ్మవారికి పసుపు రాసి, బొట్టు పెట్టి వచ్చాను. ఆషాఢంలో మంచం మీద కదల్లేక పడున్న మనిషిని. నన్ను మళ్లీ అక్కడిదాకా నడిపించిన వాళ్లకి పదిమందిలో దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయొద్దని కొందరన్నారు. కొందరి పేర్లు నాకు తెలియనే తెలియవు.

నేను కంచరపాలెంలో బ్లౌజులు కుడతాను. శ్రావణం గిరాకీ కోసం లైనింగు గుడ్డ, దారాలు కొనుక్కుని వన్‌టౌన్ నుంచి స్కూటీ మీద వస్తున్నాను. కాన్వెంట్ జంక్షన్ దాటి జ్ఞానాపురం దగ్గరికి వచ్చేసరికి పక్క నుంచి ఓ బండి తగిలి, ఆగకుండా వెళ్లిపోయింది. వాన పడి రోడ్డంతా తడి. కుడి మోకాలు నేరుగా రోడ్డుకి కొట్టుకుంది. లేద్దామని చూస్తే మడమ నేల మీంచి లేవలేదు.

జనం మూగారు. "ముట్టుకోకండి, పోలీసు కేసవుద్ది" అన్నారెవరో. అప్పుడు కూరగాయల మార్కెట్ వైపు నుంచి మూటలు మోసే కళాసీ బాబాయి ఒకాయన వచ్చాడు. "ఏటి చూత్తన్నారు, ఆడకూతురు పడుంటే!" అని అందర్నీ పక్కకి జరిపాడు. కాలు సాగదీయబోయిన కుర్రాణ్ణి ఆపాడు. "ఎలాగుందో అలాగే ఉంచాల" అని, టమాటాల పెట్టె చెక్క ఒకటి ఊడదీసి కాలి కింద పెట్టి, తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి కట్టాడు. ఆకుకూరలమ్మే పెద్దమ్మ ఒకావిడ నా తల ఒళ్లో పెట్టుకుంది. ఎవరో సోడా తెస్తే వద్దంది. ఆపరేషన్ పడితే కడుపు ఖాళీగా ఉండాలని ఆవిడకి తెలుసు. 108 వచ్చేదాకా పెదాలు మాత్రం తడుపుతూ కూర్చుంది.

ఆ పోలీసు కేసు భయం ఇంకా చాలామందిలో ఉంది కాబట్టి చెబుతున్నాను. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదంలో పడ్డవాళ్లకి మంచి మనసుతో సాయం చేస్తే, చెయ్యబోయి ఏదైనా తేడా జరిగినా, ఆ చేసినవాళ్ల మీద కేసు ఉండదు. పేరు, ఫోన్ నంబరు చెప్పి తీరాలని ఎవరూ బలవంతం చెయ్యడానికి లేదు. దయచేసి ఆగండి. పడిపోయిన మనిషికి చుట్టూ నిలబడ్డ కాళ్లే కనిపిస్తాయి. ఎవరో ఒకరు వంగితే తప్ప మొహం కనపడదు.

కేజీహెచ్ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసి, మోకాలి చిప్ప రెండు ముక్కలైందన్నారు. పైముక్కని తొడకండ పైకి లాగేసింది, అందుకే కాలు లేవలేదట. నడుముకి మత్తు సూది ఇచ్చి, రెండు సన్నని కడ్డీలు వేసి, ఎనిమిది అంకెలా తీగె చుట్టారు. "కాలు వంచేకొద్దీ ఈ తీగె ముక్కల్ని దగ్గరికి నొక్కుతుందమ్మా, భయపడకుండా వంచు" అన్నారు డాక్టరుగారు. కుట్టుపనిలో బతికే నాకు ఆ మాట వెంటనే ఎక్కింది. రాత్రి డ్యూటీ నర్సమ్మకి, బెడ్‌పాన్ పెట్టడానికి ఒక్కసారి కూడా విసుక్కోని ఆయమ్మకి నా నమస్కారాలు.

మా ఇల్లు కొండవాలులో ఉంది. రోడ్డు మీంచి 43 మెట్లు. డిశ్చార్జి రోజున ఎలా ఎక్కాలా అని నేను ఏడుస్తుంటే, మా వీధి కుర్రాళ్లు నలుగురు ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. మళ్లీ ఆసుపత్రికి వెళ్లాల్సిన ప్రతిసారీ దింపారు, ఎక్కించారు. పనులు మానుకుని వచ్చేవాళ్లు. టీ తాగమన్నా ఆగేవాళ్లు కాదు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి మూడు రోజులు పట్టింది. మా వెనక సందులో ఇంకో కుట్టుపని ఆవిడ ఉంది. ఓ కస్టమర్ విషయంలో మాటా మాటా పెరిగి మూడేళ్లుగా మాకు మాటల్లేవు. నేను ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో రోజు ఆవిడ గుమ్మంలో నిలబడింది. "వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సినవి ఎన్నున్నాయి?" అంది. 31 ఉన్నాయి. కత్తిరించినవి, కత్తిరించనివి, కొలతల పుస్తకంతో సహా మూట కట్టుకుని పోయింది. తన గిరాకీ పగలు కుట్టి, నావి రాత్రుళ్లు కుట్టింది. కుట్టుకూలి మొత్తం తెచ్చి నా దిండు కింద పెట్టింది. సగమైనా తీసుకో అంటే, "నీ కస్టమర్లు వదినా, నీ డబ్బులు" అంది. వదినా అని పిలిచి ఎన్నాళ్లయిందో! తప్పు నాది కూడా ఉంది. ఆ రోజు చెప్పలేకపోయాను, ఇక్కడ చెబుతున్నాను.

కుట్లు విప్పాక ఫిజియోథెరపీ మొదలైంది. అది చేయించే అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నేలకి నొక్కమనేది. మడమని మెల్లగా వెనక్కి జరపమనేది. కన్నీళ్లొచ్చేవి. గోడకి వేలాడుతున్న నా ఇంచీ టేపు చూసి, "అక్కా, కొలుద్దామా?" అంది. ఎడమ తొడ 18 అంగుళాలు, కుడి తొడ 16న్నర. వాడకపోతే కండ అంత తొందరగా కరిగిపోతుందట. అప్పట్నుంచి మడమ ఎందాకా వచ్చిందో రోజూ నా మార్కింగ్ సుద్దతో నేల మీద గీత గీసేది. ఒక్కో రోజు గీత మీద గీతే పడేది. "వెనక్కయితే పోలేదుగా" అనేది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు అని నేర్పి, 43 మెట్లూ నా పక్కనే దిగింది. ఇప్పుడు తొడల తేడా అరంగుళమే. గొంతుక్కూర్చోలేను గానీ కుర్చీలో మామూలుగా కూర్చుంటున్నాను.

మా చీటీలో ఆడవాళ్లు ఆ నెల పాట పెట్టకుండా చీటీ నాకే వదిలేశారు. దాంతో తొక్కుడు మిషనుకి మోటారు పెట్టించుకున్నాను. ఎడమకాలితో నొక్కి కుడుతున్నాను.

జ్ఞానాపురం మార్కెట్‌కి రెండుసార్లు వెళ్లాను. బాబాయి కనపడలేదు, పెద్దమ్మా కనపడలేదు. అక్కడ మూటలు మోసేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు ఎవరైనా ఇది చదివితే వాళ్లకి చెప్పండి. బాబాయ్, ఎర్రగళ్ల తువ్వాలు మీది. ఆసుపత్రిలో పారెయ్యబోతే అడిగి తీసుకున్నాను. ఉతికి, పోగులూడిన అంచు మడిచి కుట్టి, ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాను. ఏ పూట ఉంటారో కబురు చేయండి, నడిచి వచ్చి ఇస్తాను.