ట్రాలీ లాగే పికప్‌కు సైలెన్సర్ కొనేముందు

ఎడిటర్ గారికి, నమస్కారం.

ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవ ట్రాలీలు, పెళ్ళిళ్ళకు జనరేటర్ బళ్ళు, రాయి పనులకు కంప్రెసర్లు. విశాఖలో వీటిని చాలావరకు లాగేవి రెండున్నర లీటర్ల అటూఇటూ ఇంజన్లున్న డీజిల్ పికప్‌లే. సైలెన్సర్ పోయిందంటే షాపులో ముందు అడిగేది ధర, ఆ తర్వాత శబ్దం ఎలా ఉంటుందని. బరువు లాగే బండికి ఈ రెండూ ఆఖర్న చూసుకోవాలి. పొగ ఎంత తేలిగ్గా బయటికి పోతుంది, ఉప్పుగాలికి ఆ రేకు ఎన్నాళ్ళు ఆగుతుంది, లోడు పడ్డప్పుడు పైపు దేనికైనా తగులుతుందా అన్నవి ముందు చూడాలి.

అసలు పాడైంది సైలెన్సరేనా అన్నది తేల్చుకోండి. బండి లాగడం లేదు, నల్లపొగ వస్తోంది అంటే చాలాసార్లు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా టర్బో (పొగ తోపుకు తిరుగుతూ ఇంజన్‌లోకి గాలి నెట్టేది) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్ళే గొట్టం చీలి ఉంటుంది. ఆ రెండూ బాగుంటే, బండి పూర్తిగా చల్లారాక సైలెన్సర్ డబ్బాను రబ్బరు సుత్తితో తట్టి చూడండి. గలగలమంటే లోపలి పలకల వెల్డింగ్ ఊడినట్టే. ఊడిన పలక దారికి అడ్డం పడ్డా ఖాళీ బండిలో తేడా తెలియకపోవచ్చు. శృంగవరపుకోట దాటి ట్రాలీతో అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం సెకండ్ గేరులోనూ బండి చతికిలపడుతుంది.

“కాస్త బ్యాక్ ప్రెషర్ ఉంటేనే ఇంజన్ లాగుతుంది” అన్న మాట ఇప్పటికీ వినబడుతోంది. బ్యాక్ ప్రెషర్ అంటే బయటికి పోయే పొగకు తగిలే అడ్డు. టర్బో డీజిల్‌కు ఇది పూర్తిగా తప్పు. టర్బో చక్రాన్ని తిప్పేది దానికి ముందూ వెనకా ఉండే పీడనాల తేడా. వెనక పైపు ఇరుకైతే ఆ తేడా తగ్గుతుంది, టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, గాలి చాలక పొగ నల్లబడుతుంది, లోడు మీద ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. అందుకే కంపెనీ పైపుకన్నా సన్నది ఎప్పుడూ వేయించకండి. లోకొలత 50 మిల్లీమీటర్లు ఉన్నచోట 45ది వేస్తే కంటికి ఆనేది అయిదు మిల్లీమీటర్లే గానీ, పొగ పోయే దారి దాదాపు అయిదో వంతు తగ్గిపోతుంది. వంపుల దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడాలి. మాండ్రెల్ (వంచేటప్పుడు పైపు లోపల పెట్టే కడ్డీ) లేకుండా వంచిన పైపు మూల దగ్గర నొక్కుకుపోతుంది. కొనేముందు వంపును చేత్తో తడమండి. ముడతగానీ చదునుగానీ తగిలితే ఆ పైపు వద్దు. అలాగని మరీ లావు పైపు వేసినా మార్పులు చేయని ఇంజన్‌కు ఒరిగేదేమీ లేదు. శబ్దమూ బరువూ పెరుగుతాయంతే.

డబ్బా లోపలి కట్టడం కూడా అడిగి తెలుసుకోవాలి. చిల్లుల పైపు చుట్టూ గ్లాస్‌వూల్ కూరిన తిన్నటి రకం పొగను తేలిగ్గా వదులుతుంది, కానీ లోతైన గుమ్మనే శబ్దాన్ని ఆపలేదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 1,800 ఆర్‌పీఎమ్ మీద ఉంటే అందులో ఇంధనం సెకనుకు 60 సార్లు పేలుతుంది. ట్రాలీ లాగేటప్పుడు గంటల తరబడి ఉండేది ఆ చుట్టుపక్కలే. ఆ గుమ్మనే మోత క్యాబిన్‌లో నిండి డ్రైవర్‌కు తలనొప్పి తెస్తుంది. పైగా మసి, తేమ పట్టి ఆ వూల్ కొన్నాళ్ళకు పనికిరాకుండా పోతుంది. అరలుగా విభజించిన డబ్బా ఈ మోతను బాగా అణుస్తుంది, కొంచెం అడ్డు మాత్రం ఎక్కువ. లాగుడు బండికి మా మాట ఒక్కటే: అరల రకం తీసుకోండి, కింద ఎంత చోటుంటే అంత పెద్ద డబ్బా తీసుకోండి. డబ్బా పెద్దదైతే పొగను ఇరుకు పెట్టకుండానే శబ్దం తగ్గించే వీలుంటుంది.

లోపల ఏమీ లేని ఖాళీ డబ్బాలు అమ్మేవాళ్ళ మాట నమ్మొద్దు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడవచ్చు. లైసెన్సుపైనా వేటు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త పొగ ప్రమాణాల) బండిలో డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, ఉంటే దాన్ని కోయించకండి. మార్చాల్సింది దాని వెనకున్న సైలెన్సర్‌ను మాత్రమే. సెన్సర్ వైర్లను, సన్న గొట్టాలను ముట్టుకోకూడదు.

ఇక తుప్పు. విశాఖలో సైలెన్సర్లను తినేసేది ఇదే, అదీ రెండు వైపుల నుంచీ. బయట నుంచి సముద్రపు ఉప్పు. లోపల నుంచి నీరు: లీటరు డీజిల్ కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దగ్గర దగ్గర ట్రిప్పులే తిరిగే బండిలో డబ్బా సరిగా వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీరై అడుగున నిలుస్తుంది. మామూలు ఇనప రేకు ఇక్కడ డబ్బు దండగ. అల్యూమినియం పూత రేకు ఫర్వాలేదు, కానీ కోసిన అంచుల్లో, వెల్డింగ్ చోట్ల పూత పోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ చోట్ల వేడిని తట్టుకునే పెయింట్ వేయించాలి. 409 స్టెయిన్‌లెస్ పైన ఎర్రబడుతుంది గానీ తొందరగా చిల్లుపడదు. పడవలు లాగే బండికైతే 304 మంచిది. అయస్కాంతం పెట్టి చూడండి. 304కు దాదాపు అంటదు. 409కీ, మామూలు ఇనుముకీ అంటుతుంది కాబట్టి ఆ రెంటినీ అయస్కాంతంతో వేరుచేయలేం. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

పాత పైపుకు జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనప పైపు) ముక్క అతికించడం ఇంకా కొన్నిచోట్ల జరుగుతోంది. వెల్డింగ్ వేడికి ఆ జింకు పూత తెల్లటి పొగై లేస్తుంది. అది పీల్చిన వెల్డర్‌కు సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. దయచేసి ఎవరూ ఆ పని అడగొద్దు, చేయొద్దు. ఇనుముకు స్టెయిన్‌లెస్ అతికేటప్పుడు 309ఎల్ రాడ్ వాడాలి. మామూలు రాడ్‌తో అతికితే ఆ అతుకే పగులుతుంది.

కొలతలు తీసేటప్పుడు బండి ఖాళీగా ఉండకూడదు. ట్రాలీ తగిలించి, రోజూ వేసే లోడు వేసి, అప్పుడు కిందికి దూరి చూడాలి. హుక్ మీద బరువు పడగానే కమాన్ కట్టలు దిగుతాయి, యాక్సిల్ పైకి వచ్చి టెయిల్ పైపుకు దగ్గరవుతుంది. అన్ని వైపులా కనీసం 25 మిల్లీమీటర్ల సందు ఉంచండి. డీజిల్ పైపుకు 35 మిల్లీమీటర్లలోపు ఎగ్జాస్ట్ పైపు ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనే చెబుతోంది. పొగ కిందికిగానీ ఎడమవైపుకుగానీ వదలకూడదన్నదీ నిబంధనే. వెనక్కి వదిలేటప్పుడు ట్రాలీ వైరింగుకు, తాళ్ళకు, ట్రాలీ టైరుకు ఆ వేడి కొట్టకుండా మూతి మళ్ళించండి.

బిగించే వరస కూడా ముఖ్యం. వెల్డింగ్ ఉంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఎర్త్ క్లాంపును అతుకు పక్కనే పెట్టాలి. పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడొద్దు. రబ్బరు హ్యాంగర్లు సాగి ఉంటే అవీ మార్చండి. ఒకదాంట్లో ఒకటి దూర్చే పైపులు 40 మిల్లీమీటర్లైనా లోపలికి వెళ్ళాలి. అన్నీ వదులుగా వేలాడదీసి, తిన్నగా వచ్చాక ముందు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ముందే ఒకచోట బిగించేస్తే పైపు మెలి తిరిగి ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) దగ్గర పగులుతుంది. ఒక లోడు ట్రిప్పు అయి బండి చల్లారాక బోల్టులు మళ్ళీ బిగించి, అతుకుల దగ్గర మసి గీతలు ఉన్నాయేమో చూడండి. మసి కనబడిందంటే అక్కడ లీకు ఉన్నట్టే.

డబ్బా అడుగున అన్నిటికన్నా పల్లపు చోట మూడు మిల్లీమీటర్ల చిల్లు కంపెనీదే ఉంటే దాన్ని మూయొద్దు. అందులోంచి చుక్కలు పడుతుంటే లీకనుకుని వెల్డింగ్ పెట్టేస్తారు, ఆ నీరు పోయే దారి అదొక్కటే. పడవ దించడానికి బండిని నీళ్ళ అంచుకు వెనక్కి తెచ్చేటప్పుడు టెయిల్ పైపు మునగకుండా ఒక మనిషి చూస్తుండాలి. ఆ రోజు సాయంత్రం డబ్బా చల్లారాక, కింద మంచినీళ్ళు కొట్టి ఉప్పు కడిగేయండి.

పికప్, ట్రాలీ మరమ్మతు పనివాళ్ళం,
ఆటోనగర్, విశాఖపట్నం