యాక్చువరీ పరీక్షకు చదివే పద్ధతిని కూడా నేర్పాలి

సంపాదకులకు,

అయ్యా,

మన రెండు రాష్ట్రాల డిగ్రీ కళాశాలల్లో గణితం, స్టాటిస్టిక్స్ చదివే విద్యార్థులు యాక్చువరీ (బీమా వంటి రంగాల్లో నష్టభయాన్ని గణితంతో లెక్కకట్టే నిపుణుడు) వృత్తి గురించి తరచుగా అడుగుతున్నారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ప్రతి జీవిత బీమా సంస్థా ఒక నియమిత యాక్చువరీని ఉంచుకోవాలన్న నిబంధన ఉన్నందువల్ల ఈ చదువుకు గట్టి ఆధారమూ ఉంది. అయితే వారికి దొరికే సమాచారంలో ఎక్కువ భాగం జీతాల గురించీ, అర్హతల గురించీ ఉంటుంది తప్ప, ఆరు నెలలు ఒంటరిగా కూర్చుని ఒక పేపరును ఎలా సాధించాలో చెప్పేవారు అరుదు. ఆ లోటు గురించే ఈ లేఖ.

2006 నాటి యాక్చువరీల చట్టం కింద ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా ఈ పరీక్షలను నిర్వహిస్తుంది. ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష దాటిన తరువాత ఒక్కొక్క పేపరును అభ్యర్థి తన వీలును బట్టి రాసుకోవచ్చు. చాలామంది పగలు ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లూ సెలవు రోజుల్లోనూ చదువుతారు. మన పిల్లలకు ఇక్కడే చిక్కు వస్తున్నది. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివినవారు ఉదయపు స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా కళాశాల వేసిన టైంటేబుల్‌లో పెరిగినవారు. ఏ రోజు ఏ అధ్యాయం చదవాలో, ఏ వారాంతంలో ఏ పరీక్ష రాయాలో మరొకరు నిర్ణయించగా పాటించినవారు. ఆ శ్రమను నేను తక్కువ చేయటం లేదు. కానీ తన చదువుకు తానే ప్రణాళిక వేసుకోవటం ఎవరూ వారికి నేర్పలేదు, అందువల్ల లెక్కల్లో చురుకైనవారు కూడా మొదటి అధ్యాయం నుంచి వరసగా చదువుకుంటూ పోయి, చివరి అధ్యాయాలు ముట్టకుండానే పరీక్ష హాలుకు వెళుతున్నారు.

పద్ధతికి మొదటి మెట్టు సిలబస్ పత్రం. ఏ భాగానికి ఎంత శాతం ప్రాధాన్యమో అందులోనే ముద్రించి ఉంటుంది. స్టాటిస్టిక్స్‌కు సంబంధించిన సీఎస్1 పేపరులో సంభావ్యతా విభజనలు, సాంఖ్యక అనుమితి, రిగ్రెషన్, బేయీసియన్ పద్ధతులు వంటి భాగాలుంటాయి. తన వద్ద ఉన్న వారాలను ఆ శాతాల ప్రకారం పంచుకుని, పరీక్షకు ముందు కనీసం ఒక నెలను పాత ప్రశ్నపత్రాలకే వదిలిపెట్టాలి. యాక్చువరీ గణితానికి సంబంధించిన సీఎం1 పేపరుకు ఈ లెక్కతో పాటు అధ్యాయాల క్రమాన్నీ చూసుకోవాలి. వడ్డీ సిద్ధాంతం మీద యాన్యుటీలు (క్రమం తప్పక విడతలుగా సాగే చెల్లింపులు), యాన్యుటీల మీదా మరణరేట్ల పట్టికల మీదా ప్రీమియాలు, వాటి మీద రిజర్వులు (ముందుముందు చెల్లించవలసిన క్లెయిముల కోసం సంస్థ పక్కన పెట్టే సొమ్ము) నిలుస్తాయి కనుక, కింది మెట్టు గట్టిపడనిదే పైదానికి పోవటం వృథా ప్రయాస. పాత ప్రశ్నపత్రాలనూ, వాటికి సూచనప్రాయమైన సమాధానాలనూ ఇన్‌స్టిట్యూట్ తన వెబ్‌సైట్‌లోనే ఉంచుతుంది. పదుల వేలు పోసి కోచింగ్ కొనలేని విద్యార్థికి ఇంతకన్నా మంచి గురువు దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది తప్పుల పుస్తకం, అంటే తాను చేసిన ప్రతి తప్పునూ కారణంతో సహా రాసుకునే పుస్తకం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఏడాదికి పది వేల రూపాయల చొప్పున 20 ఏళ్లు వచ్చే చెల్లింపుల ప్రస్తుత విలువను (అంటే ఆ మొత్తాలన్నిటికీ ఈనాటి విలువను) 6 శాతం వడ్డీతో కట్టమన్నారనుకుందాం. ప్రతి ఏడాది చివర వచ్చేటట్లయితే జవాబు సుమారు 1,14,699 రూపాయలు. ప్రతి ఏడాది మొదట వచ్చేటట్లయితే సుమారు 1,21,581 రూపాయలు. ఈ తేడాకు కారణం ప్రశ్నలోని ఒకే ఒక్క మాట. జవాబు తప్పిన విద్యార్థి సాధారణంగా ‘సిల్లీ మిస్టేక్’ అని కొట్టివేసి ముందుకు పోతాడు. ఆ తప్పు సూత్రం గుర్తులేక జరిగిందా, భావన అర్థంకాక జరిగిందా, ప్రశ్నను తొందరగా చదవటం వల్ల జరిగిందా, గుణకారంలో జరిగిందా అని రాసుకున్నవాడికి నెల తిరిగేసరికి తన బలహీనత ఏమిటో తన చేతిరాతలోనే కనిపిస్తుంది. సూత్రం మరిచినవాడికి పునశ్చరణ కావాలి, ప్రశ్నను సరిగా చదవనివాడికి కాలరేఖ గీసి చెల్లింపులను గుర్తించే అలవాటు కావాలి. ఇద్దరికీ మరో వంద లెక్కలు ఇచ్చి చేయమనటం వల్ల ప్రయోజనం స్వల్పం.

మరిచిపోవటాన్ని కూడా ప్రణాళికలో లెక్కవేయాలి. నేర్చినది కాలంతో ఎలా జారిపోతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే తన ప్రయోగాలతో చూపాడు. వారంలో ఒక పూట కొత్త పాఠం జోలికి పోకుండా, వెనకటి అధ్యాయాల నుంచి కలగలిపి తీసిన ప్రశ్నలను పుస్తకం మూసి చేయాలి. ఏ సూత్రం వాడాలో తేల్చుకోవటమే పరీక్షలో సగం కష్టం కనుక, అధ్యాయం పేరు కనబడకుండా వచ్చిన ప్రశ్న మీద సాధన అవసరం. చివరి వారాల్లో గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయాలి. మూడు గంటలకు కాస్త అటూఇటూ ఉండే పేపరులో మార్కుకు సుమారు రెండు నిమిషాలే దక్కుతాయి. కంప్యూటరు మీద రాసే రెండో భాగాన్ని, అంటే సీఎం1లో ఎక్సెల్‌ను, సీఎస్1లో ‘ఆర్’ (R) అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్‌ను, చాలామంది చివరికి వాయిదా వేస్తారు. చేతితో కట్టిన లెక్కనే ఆ రోజే కంప్యూటరు మీదా సరిచూసుకుంటే ఆ భారం విడిగా మిగలదు.

అమెరికాలో ఇటువంటి పరీక్షలు రాసేవారిలో పరీక్ష గంటకు నూరు గంటల చదువు అన్న లెక్క వాడుకలో ఉంది. గంటల లెక్క ధైర్యానికి పనికివస్తుంది గాని, ఆ గంటల్లో ఎన్ని ప్రశ్నలు స్వయంగా చేశాడన్నదే అసలు కొలత అని నా అభిప్రాయం.

ఇది విద్యార్థి ఒక్కడి మీద వదలవలసిన పని కాదు. విశ్వవిద్యాలయాల, డిగ్రీ కళాశాలల స్టాటిస్టిక్స్ శాఖలు వారానికి ఒక సాయంత్రం కంప్యూటర్ ల్యాబును తెరిచి ఉంచి, ఈ పరీక్షలకు చదివేవారిని ఒకచోట చేర్చి, సమయం పెట్టి పాత పేపర్లు రాయించి, ఒకరి సమాధానాలను మరొకరితో దిద్దించగలవు. ఇందుకు కొత్త నిధులు గాని, కొత్త ఉద్యోగాలు గాని అక్కరలేదు. శ్రద్ధ ఉన్న ఒక అధ్యాపకుడు, ఒక తాళంచెవి చాలు. జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ కళాశాలలు ముందుగా దీన్ని చేపట్టాలని నా కోరిక, ఎందుకంటే అక్కడి పిల్లలకు ఈ దారిలో నడిచిన సీనియర్లు దొరకటం కష్టం. తమ పత్రిక విద్యా పేజీలో కూడా వారానికి ఒక పాత ప్రశ్నను తీసుకుని, జవాబుతో పాటు విద్యార్థులు దానిలో ఎక్కడెక్కడ తప్పుతారో తెలుగులో వివరించే శీర్షికను వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రారంభించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు,
గుంటూరు