ఆ దెయ్యాలకి భాష అక్కర్లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత జానపద సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. దర్శకుడు విఠలాచార్య సినిమాలని ‘నేల టిక్కెట్టు వాళ్ళ కాలక్షేపం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అవి గ్రామ్యమట, వాటిలో తర్కం లేదట, ట్రిక్కులు నవ్వు తెప్పిస్తాయట, వేసిన సెట్లే మళ్ళీ వేశారట. రాసినాయన ఎప్పుడైనా నేల మీద కూర్చుని సినిమా చూశారో లేదో నాకు తెలీదు. నేను కూర్చున్నాను, నాలుగు ఊళ్ళు తిరిగి జనాన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాను కూడా. అందుకే ఈ ఉత్తరం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. మమ్మల్ని 1936లో ఒడిశాలో కలిపారు గానీ సినిమా రీళ్ళ పెట్టె మాత్రం ఆంధ్రలోని నౌపడా నుంచి చిన్న రైల్లోనే వచ్చేది. 1967 ప్రాంతంలో, నాకు పన్నెండేళ్ళప్పుడు, ఊరూరా తిరిగే డేరా సినిమా, అదే టూరింగ్ టాకీసు, ఒకదానికి కరపత్రాలు పంచేవాణ్ణి. ఎడ్లబండికి రెండు పక్కలా బొమ్మలు కట్టి, ముందు డప్పు, వెనక నేను. కూలి రోజుకి పావలా, రాత్రి ఆట ఉచితం.

తెలుగు పేటల్లో ‘నేడే చూడండి’ అని అరిచేవాణ్ణి. ఒడియా వీధుల్లో ‘ఆసొంతు, దేఖొంతు’ అనేవాణ్ణి. గుమ్మ, సెరంగో వైపు కొండల్లోకి మా బండి వెళ్ళేది కాదు. అక్కడి సవర గిరిజనులే చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు మోసుకుని సంతకి దిగేవారు. వాళ్ళని సవర భాషలో ఎలా పిలవాలో నాకు రాదు. కత్తి పట్టుకున్న కాంతారావు బొమ్మ ఎత్తి చూపించేవాణ్ణి. దానికే వచ్చేవారు.

సాంఘికం వేసిన రోజు మా నేల సగం ఖాళీ. అందులో నాయిక రెండు రీళ్ళు మాట్లాడి మూడో రీలంతా ఏడుస్తుంది. తెలుగు రానివాడు ఎందుకేడుస్తోందో పక్కవాణ్ణి అడగాలి. వాడికి చెప్పే ఓపికుండాలి. విఠలాచార్య సినిమా అయితే మాంత్రికుడు చెయ్యి విసురుతాడు, రాకుమారుడు మేకైపోతాడు. అక్కడ ఎవడూ ఎవణ్ణీ అడగక్కర్లేదు.

ఒక సంత రోజు మొదటి ఆట వదిలాక ఒక సవర ముసలాయన ఇద్దరు మనవల్ని వెంటబెట్టుకుని లాంతరుతో ఇంటిదారి పట్టాడు. మలుపుదాకా నాదీ అదే దారి. ఆయన సినిమా అంతా మళ్ళీ చెబుతున్నాడు, సవరలో. నాకు ఒక్క మాటా తెలీలేదు, కథ ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం తెలుస్తూనే ఉంది. ఇదిగో గుహ తలుపు తెరుచుకుంది, ఇదిగో పుర్రె మాట్లాడింది. రాకుమారి చిలకైపోయే చోట లాంతరు కింద పెట్టి రెండు చేతులూ రెక్కల్లా టపటపా కొట్టాడు. చిన్నవాడు జడుసుకుని వెనక్కి పరిగెత్తుకొచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. ఆ ముసలాయనకి తెలుగు రాదు, దర్శకుడికి సవర రాదు. మరి ఆ కథ కొండెక్కి ఎలా వెళ్ళినట్టు?

ఇంకోసారి పెట్టె చాలా ఊళ్ళు తిరిగి అరిగిపోయి మా దగ్గరికొచ్చింది. మనిషి మేకగా మారే ముక్క అందులో లేదు. దారిలో ఎవడో ముచ్చటపడి కత్తిరించుకున్నట్టున్నాడు. పాతపట్నంలో చూసొచ్చినవాళ్ళు ‘మేకేదిరా?’ అని లేచారు. మా ఆపరేటరు ఆట ఆపి, బయటికొచ్చి, ఒట్టేసి చెబితే గానీ కూర్చోలేదు. సంభాషణ రీలు పోయిన రోజున ఎవడూ ఇలా లేవలేదు సుమండీ.

విఠలాచార్య తెలుగువాడు కాదు. ఉడుపి దగ్గర ఉద్యావరలో 1920లో పుట్టారు. పెద్ద చదువు లేదు. హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసు నడిపారు. జనం ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ బీడీ ముట్టించుకోడానికి లేచిపోతారో అక్కడే కనిపెట్టి ఉంటారు. తరవాత మైసూరులో భాగస్తులతో మహాత్మా పిక్చర్స్, ఆ తరవాత మద్రాసు, 1955లో మొదటి తెలుగు సినిమా. 1999లో పోయేనాటికి తీసినవి 70 దాకా ఉంటాయి. రామారావుగారంతటి నటుడు ఆయన సినిమాల్లో మళ్ళీ మళ్ళీ వేశారంటే, అది వట్టి కాలక్షేపానికే అనుకోవాలా? డేట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి శాపం పెట్టించి చిలకనో మేకనో చేసి, షూటింగ్ కానిచ్చేసేవారని ఒక కథ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, మా టాకీసు యజమాని దాన్ని వేదంలా చెప్పేవాడు.

ట్రిక్కులు నవ్వు తెప్పిస్తాయట. ఇప్పుడు తెప్పిస్తాయి, కాదనను. కానీ అప్పుడు కంప్యూటర్లెక్కడివి? మాయ అంతా కెమెరాలోనే జరగాలి. కెమెరా ఆపి, మనిషిని తప్పించి, అదే చోట మేకని కట్టి మళ్ళీ తిప్పాలి. ఒకే మనిషి ఇద్దరుగా కనబడాలంటే లెన్సు సగం మూసి తీసి, ఫిల్ము వెనక్కి చుట్టి, ఈసారి రెండో సగం మూసి తీయాలి. రెండోసారి చెయ్యి వణికితే మొదట తీసిందీ పోయినట్టే. ఇది ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యాల్సిన పని.

మీ వ్యాసకర్త అన్నవన్నీ తప్పని నేననను. అదే కోట, అదే గుహ, రంగు మార్చి మళ్ళీ మళ్ళీ వాడారు. చివరి రోజుల సినిమాల్లో తడిబట్టల పాటలు ఎక్కువైపోయాయి. మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటి చూడబోయి మధ్యలో లేచొచ్చేశాను.

1978లో ‘జగన్మోహిని’ వచ్చినప్పుడు మా అమ్మని తీసుకెళ్ళాను. అందులో జయమాలిని దెయ్యం వంట చేస్తూ కట్టెలకి బదులు తన కాళ్ళే పొయ్యిలో పెడుతుంది. హాలంతా కెవ్వుమంది. మా అమ్మ మాత్రం ‘ఓలమ్మో, కాలెట్టేసినాదే పొయ్యిల! కర్రల కర్సు నేదు దానికి’ అని పగలబడి నవ్వింది. వానాకాలం తడికట్టెలు ఊది ఊది కళ్ళు మండించుకున్న మనిషి ఆవిడ. తర్కం లేదని విమర్శకుడు కొట్టేసిన చోట ఆవిడకి అంత తర్కం కనబడింది. ఇంటికొచ్చాక కూడా పొయ్యి ముందు కూర్చుని తన కాలు వంక చూసుకుని నవ్వుకునేది.

‘గ్రామ్యం’ అన్న తిట్టు మా ఊరికి కొత్త కాదు. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది ఇక్కడే. జనం మాట్లాడే తెలుగుని పుస్తకాల్లో రాయొచ్చు అన్నందుకు పండితుల చేత ఎన్ని మాటలు పడ్డారో మీ పాఠకులకి తెలుసు. సవర నేర్చుకుని దానికి నిఘంటువు చేసిందీ ఆయనే. ఆయన్ని తెచ్చి దెయ్యాల సినిమాల పక్కన కూర్చోబెట్టానని ఎవరైనా కోప్పడితే పడనివ్వండి. సంతలో మాట ఆయన చెవిన పడేది. మీ వ్యాసకర్తకి ఆ చెవి ఉన్నట్టు లేదు.

నా దగ్గర ఆనాటి గులాబీరంగు కరపత్రం ఒకటి మిగిలింది. ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఒడియా, మధ్యలో మడత దగ్గర చిరుగు. కావాలంటే నకలు తీయించి పంపుతాను. అసలుది మాత్రం అడక్కండి.

ఇట్లు,
ఒకప్పటి కరపత్రాల కుర్రాడు, ఇప్పుడు విశ్రాంత గుమస్తా,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా